తొమ్మిది చుక్కల చేప

నిన్న పొద్దున కొట్టు తెరిచి ఇంకా ఊడవను కూడా లేదు, ఒక రైతు వచ్చి గాజు బల్ల మీద నాలుగు మిరపాకులు పడేశాడు. దారి పొడుగునా గుప్పిట్లో పట్టుకొచ్చాడేమో, నలిగిపోయి వగరు వాసన వేస్తున్నాయి. ఆకుల నిండా మచ్చలు. "ఏదో ఒక మందివ్వండమ్మా, తొరగా పోవాలి, కూలోళ్ళు చేలో కూర్చున్నారు," అన్నాడు. నా చెయ్యి దానంతటది కింది అరలో ఉన్న మైలుతుత్తం డబ్బా మీదికి వెళ్ళింది. మూత తీయగానే చెమట చేతికి నాలుగు పలుకులు అంటుకుని, కరిగి, అరచెయ్యి నీలంగా అయింది. ఎప్పుడూ ఆగినట్టే నిన్నా అక్కడే ఆగిపోయాను. మిరప, పత్తి తప్ప మరో మాట వినపడని అద్దంకిలో, మా నాన్న తర్వాత ఈ పురుగుమందుల కొట్టు నడుపుతున్నదాన్ని. అయినా ఆ నీలం చూస్తే నాకు చేను గుర్తుకురాదు. ఒక సముద్రపు చేప గుర్తొస్తుంది, దాని వెంటే దానియేలు గారు గుర్తొస్తారు. ఆయన్ని తలుచుకుంటే ముందు సిగ్గేస్తుంది. ఆయన మొహం ఆ తర్వాత కళ్ళ ముందుకొస్తుంది.

గుంటూరులో నేను జువాలజీ చదివిన కాలేజీలో దానియేలు గారు ల్యాబ్ అటెండరు. బక్కపల్చటి మనిషి. తెల్ల చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు, మడత పెట్టిన కాగితం ఉండేవి. తల్లి మిరప కోతలకు వెళ్ళి చదివించిందట, ఆయన చదువు పదో తరగతితో ఆగిపోయిందట. చచ్చిన జీవుల్ని నిల్వ ఉంచిన సీసాల్లో ఫార్మలిన్ మార్చడం, స్లైడ్లు కడగడం, మేము పగలగొట్టిన గాజు ఎత్తడం ఆయన పని. లెక్చరర్లు "దానియేలూ" అని కేకేసేవారు. మేమూ ఆయనకి వినపడనంత దూరంలో అలాగే అనేవాళ్ళం. మైక్రోస్కోపులో ఎలా చూడాలో మాకు పాఠం చెప్పింది లెక్చరరే గాని, చూడటం నేర్పింది మాత్రం ఈయన. ఒక కన్ను గట్టిగా మూసుకుని అవస్థ పడుతున్న నా వెనక నిలబడి, "రెండు కళ్ళూ తెరిచే చూడమ్మా. మూసిన కన్ను అలిసిపోద్ది, అప్పుడు తెరిచిన కన్ను నీకు నచ్చిందే చూపిస్తది," అన్నారు. నాకు అప్పుడు ఆ మాట అర్థం కాలేదు, పరీక్షలో ఎలాగూ రాదు కాబట్టి పట్టించుకోలేదు.

ఆయన దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఏ సీసాలో ఏ మందు పోసినా, ఎంత పోశామో రాసి, పోసినవాళ్ళే కింద సంతకం పెట్టాలి. హెచ్చోడీ గారు పోసినా సరే, రిజిస్టరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళి నిలబడేవారట. "పొయ్యడం తప్పు కాదమ్మా. ఎవరు పోశారో తెలియకపోతే రేపు ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు, అంతే," అనేవారు. ఈ మాట మీరూ గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం రాలేదు. అప్పుడే గుంటూరులో డబ్బున్నవాళ్ళకి ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకోవాలన్న సరదా మొదలైంది. నేను బ్రాడీపేటలో ఒక సందులో ఆ చేపల కొట్టు పెట్టాను. "చేపని తింటారు గాని, ఏసీ పెట్టి పెంచుతారటే అమ్మాయ్?" అని మా నాన్న నెల రోజులు నవ్వాడు. దానియేలు గారు అప్పటికి రిటైరై ఇంట్లో ఖాళీగా ఉన్నారు. వెళ్ళి అడిగితే మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో కొట్టు ముందు నిలబడ్డారు. ఇద్దరం ట్రాలీ ఆటోలో చీరాల దాకా పోయి, ఒడ్డుకి దూరంగా తేటగా ఉన్న చోట క్యాన్లలో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చేవాళ్ళం. ఆయన దాన్ని నాలుగు మడతల పలచటి గుడ్డలో వడపోసేవారు. చేపలు చెన్నై నుంచి థర్మాకోల్ పెట్టెల్లో వచ్చేవి. వచ్చిన చేపని నేరుగా మిగతావాటితో కలపకూడదు, రోగమేదైనా ఉంటే అన్నిటికీ అంటుకుంటుంది. అందుకని వెనక గదిలో విడి తొట్టెలో నెల రోజులు ఉంచేవాళ్ళం. ఇసుక ఉండదు, రాళ్ళుండవు, దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క, అంతే. దాన్ని నేను క్వారంటైన్ అంటే ఆయన విడిది అనేవారు. "పెళ్ళివారొచ్చారా విడిదికి?" అని అడుగుతూ లోపలికి వెళ్ళేవారు.

ఆ విడిదిలో ఆయన పని చూడటమే. స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తొట్టె ముందు అరగంట కూర్చునేవారు. చేప మనిషిని మరిచిపోవాలట, అప్పుడుగాని దాని అసలు నడక కనబడదట. తర్వాత చర్చి కేలెండరు చింపిన కాగితం వెనక చేప బొమ్మ గీసేవారు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒంటి మీద చుక్క ఏదైనా కనిపిస్తే బొమ్మ మీద అదే చోట పెట్టి పక్కన అంకె వేసేవారు. మర్నాడు మళ్ళీ చూసి సరిపోల్చేవారు. సముద్రపు చేపలకి తెల్లచుక్కల జబ్బు అని ఒకటుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు కనిపిస్తుంది. అది కంటికి ఆనని పురుగు పని. నాలుగైదు రోజులు ఒంటిని పట్టుకుని ఉండి, రాలి, తొట్టె అడుగున పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలు మళ్ళీ ఇంకోచోట ఎక్కుతాయి. "చుక్క కదిలితే పురుగు, రాగి మందు వెయ్యాల్సిందే. కదలకపోతే ఇంకేదో, ముందు అదేందో తెలుసుకోవాల," అనేవారు. ఒకసారి కొత్త చేప ఒంటి నిండా తెల్లగా మెరుస్తుంటే నేను కంగారుపడి మందు సీసా ఎత్తాను. ఆయన సీసా నా చేతిలోంచి మెల్లగా తీసుకుని పంపు ఆపారు. రెండు నిమిషాల్లో మెరుపంతా పోయింది. అవి పంపు వదిలిన గాలి బుడగలు. "గాలికి మందేస్తారామ్మా?" అని ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

నాకు ఆ కంగారు ఎక్కడిదో నాకు తెలుసు. పుట్టింది పెరిగింది ఈ కొట్టులోనే. రైతు ఆకు తెచ్చి బల్ల మీద పెడతాడు, పెట్టేలోపే మా నాన్న రెండు డబ్బాలు దించేవాడు. ఆయన ఆకు చూసేవాడు కాదు, రైతు మొహం చూసేవాడు. "రేపు చేలోకి వచ్చి చూస్తాను, ఆగు" అంటే ఆ రైతు ఎదురు కొట్టుకి పోతాడు. అందుకని మచ్చ కనబడితే మందు, అనుమానముంటే రెండు మందులు కలిపి కొట్టమనడం, ఇదీ మా ప్రాంతపు వైద్యం. డబ్బా మీద రాసినదానికన్నా ఒక మూత ఎక్కువ పోస్తే గాని మా రైతుకి తృప్తి ఉండదు. నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఒక్క మూత ఎక్కువ నా చేతిలో ఉండిపోయింది.

గుంటూరులో ఒక పిల్లల డాక్టరుగారు కొత్త ఆసుపత్రి కట్టుకుంటూ, ముందు హాల్లో పెద్ద తొట్టి పెట్టించారు. సూదికి భయపడే పిల్లలు చేపల్ని చూస్తూ కూర్చుంటారని ఆయన ఆలోచన. తొట్టికి ముఖ్యమైన చేపగా ఎంపరర్ ఏంజెల్ అనే చేప పిల్లని కోరారు. ముదురు నీలం ఒంటి మీద ఒకదానిలో ఒకటి తెల్లటి వలయాలు, చేత్తో ముగ్గేసినట్టు ఉంటుంది. దానియేలు గారి పనితనం చూసి, "ఈ పెద్దాయన్ని నాకిచ్చెయ్యండి. తొట్టి చూసుకునే ఉద్యోగం ఇస్తాను. పక్కన బోర్డు మీద పేరు కూడా వేయిస్తాను," అన్నారు. ఆ సాయంత్రం దానియేలు గారు ఎన్నడూ లేనిది టీ తాగుతూ కబుర్లు చెప్పారు. "బోర్డు మీద పేరంటమ్మా. ముప్పయ్యేళ్ళు చేశాను కాలేజీలో, అన్ని సీసాల మీదా చీటీలు రాసింది నేనే. ఒక్క చీటీ మీదా నా పేరు లేదు. మా అమ్మాయిని చీరాల నుంచి రమ్మని చూపించాల," అన్నారు. కూతురు అక్కడ బడిలో టీచరు. ఆయన అంత ఇష్టంగా తనకోసం ఒకటి కోరుకోవడం నేను మరెప్పుడూ చూడలేదు.

ఏంజెల్ వచ్చి విడిదిలో దిగింది. మూడో వారంలో దాని తోక అంచునా, రెక్కల అంచునా తెల్లటి చుక్కలు కనిపించాయి. దానియేలు గారు లెక్కపెట్టి తొమ్మిది అన్నారు, బొమ్మ గీశారు. ఆరు రోజులు గడిచాయి. శుక్రవారం నేనిక ఆగలేకపోయాను. ఆదివారం ఆసుపత్రి ప్రారంభం. "తెల్లచుక్కల జబ్బేనండీ, రాగి వేసేద్దాం," అన్నాను. ఆయన కాగితం తెరిచి నా ముందు పెట్టారు. "చూడమ్మా, ఆరు రోజులు. ఒక్కటీ కదల్లా, ఒక్కటీ రాల్లా. ఉప్పు పలుకులాగా లేవివి, కాలీఫ్లవరు పువ్వులాగా గడ్డకట్టి ఉన్నాయి. ఇది వైరస్ గడ్డ అనుకుంటున్నాను. దీనికి మందు లేదు, అక్కర్లా కూడా. నీళ్ళు శుభ్రంగా ఉంచి కడుపునిండా పెడితే అదే పోద్ది. సోమవారం కాలేజీలో మైక్రోస్కోపు అడిగి పెట్టాను, రెక్క కొస చూస్తే తేలిపోద్ది."

"సోమవారమా? ఆదివారం ఊళ్ళో పెద్దవాళ్ళంతా వస్తుంటే మచ్చల చేపని పెడతామా?"

"డాక్టరుగారికి ఉన్నమాట చెబుదాం. ఆయనా వైద్యుడే, అర్థం చేసుకుంటారు. నాలుగు వారాలు ఆగమందాం."

"మీకేమండీ, చెబుతారు. పోయేది నా కొట్టు పరువు," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "అయినా ఎమ్మెస్సీ చదివింది నేనా, మీరా?" అని కూడా అన్నాను. ఆయన కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నువ్వేనమ్మా," అన్నారు. వెటకారం ఏమీ లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పారు.

శనివారం మధ్యాహ్నం ఆయన చర్చి ఊడ్చడానికి వెళ్ళారు, వారం వారం ఆ పని ఆయనదే. కొట్టులో రాగి మందు సీసా అడుగంటింది. అద్దంకి నుంచి ఎప్పుడో తెచ్చిన మైలుతుత్తం పొట్లం బల్ల సొరుగులో ఉంది, అదీ రాగి ఉప్పే. రాగి రాగేగా అనుకున్నాను. తూచడానికి సన్న త్రాసు ఉంది, అది తీసి సరిచేసే ఓపిక లేక చెంచాతో వేశాను. ఆదివారానికల్లా చుక్కలు పోవాలని ఇంకాస్త వేశాను. పాలలో చక్కెర కలిపినంత తేలిగ్గా కలిపాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి చేప పక్కకి ఒరిగి, దవడలు టపటపా కొట్టుకుంటోంది. బల్ల మీద నీలం పొడి ఉంది, నా అరచెయ్యి నీలంగా ఉంది. ఆయన రెండూ చూశారు. చొక్కా చేతులు మడిచి, బకెట్ తర్వాత బకెట్ నీళ్ళు మార్చడం మొదలుపెట్టారు.

ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి చేప అడుగున పడి ఉంది. దానియేలు గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆదివారం ఆరాధన మానడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అని తర్వాత తెలిసింది. తొమ్మిదింటికి డాక్టరుగారు పట్టుపంచెతో, భార్యతో సహా చేపని తీసుకెళ్ళడానికి వచ్చారు. తొట్టె చూసి మొహం మాడిపోయింది. "ఏమైంది? ఎవరేం చేశారు?" అన్నారు.

గోళ్ళ సందుల్లో ఇంకా నీలం ఉన్న చేతిని చున్నీలో దాచుకున్నాను. "మా దానియేలు, మందు కాస్త ఎక్కువ పోశాడండీ. పెద్దవాడయ్యాడు, కొలత తెలియలేదు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత సాఫీగా వచ్చిందో నాకిప్పటికీ వినబడుతుంది. ఆయన పేరు చివర ఎప్పుడూ అనే 'గారు' కూడా ఆ నిమిషంలో ఎగిరిపోయింది.

దానియేలు గారి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఆ జేబులో తొమ్మిది చుక్కల బొమ్మ ఉంది, రోజు రోజుకీ ఆయన రాసుకున్న అంకెలున్నాయి. తీసి చూపిస్తే చాలు, ఎదుటివాడు పిల్లల డాక్టరు కదా, అర నిమిషంలో అర్థం చేసుకునేవారు. ఆయన చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగి, వట్టిదే కిందికి దిగింది. డాక్టరుగారు నా వైపు తిరిగి, "అందుకేనండీ ఇలాంటివి చదువుకున్నవాళ్ళు చెయ్యాలి," అని వెళ్ళిపోయారు. ఆసుపత్రి తొట్టి పక్కన బోర్డు పెట్టారు. దాని మీద చేపల పేర్లు మాత్రమే రాశారు.

తిడతారనుకున్నాను. ఏడుపుగొట్టు మొహం పెట్టుకుని తిట్లకోసమే ఎదురుచూశాను, తిడితే సగం బరువు దిగుతుందని. ఆయన జేబులోంచి కాగితం తీసి, బొమ్మ కింద నెమ్మదిగా ఒక ముక్క రాసి నా ముందు పెట్టారు. 'ఆదివారం. చేప పోయింది. తొమ్మిది చుక్కలూ ఉన్నచోటే ఉన్నాయి. మందు పోసినవారు' అని రాసి, పక్కన జాగా వదిలారు.

"సంతకం పెట్టాలమ్మా," అన్నారు.

"తర్వాత పెడతానండీ," అన్నాను.

"నీకు తోచినప్పుడే పెట్టు," అని తొట్టె కడగడానికి లోపలికి వెళ్ళారు.

మర్నాడు ఆయన రారనుకున్నాను. ఎప్పటిలాగే వచ్చారు. తర్వాత కాళ్ళు సహకరించినంత కాలం, ఏళ్ళ తరబడి వచ్చారు. నాకు చేప ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు, మేత ముట్టని చేపకి ఆకలి పుట్టించడం నేర్పారు. ఆ కాగితం మాట ఒక్కసారి ఎత్తలేదు. సొరుగు సర్దినప్పుడల్లా అది చేతికి తగిలేది, బిల్లుల అడుక్కి తోసేదాన్ని. డాక్టరుగారి ఆసుపత్రి మా దారిలోనే ఉండేది. దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆయన ఆటోలో తల అటు తిప్పి, గాజు తలుపుల్లోంచి కనిపించే ఆ నీలం వెలుగు చూసేవారు. నేను ఫోను చూసుకునేదాన్ని.

ఆయన పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాక, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. కూతురు నా దగ్గరికి వచ్చి, "అక్కా, నాన్న మీ గురించి చాలా గొప్పగా చెప్పేవారు. రెండు మాటలు చెప్పండి," అంది. వెళ్ళి చెప్పాను. ఆయన ఓర్పు గురించి, ఆయన కళ్ళ గురించి, గాలి బుడగల గురించి చెప్పాను. జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. సాక్ష్యం అన్న పేరుతో పిలిచి మైకు ఇస్తే, చెప్పాల్సిన ఒక్క ముక్కా మింగేసి దిగివచ్చాను. బయట ఎవరో, ఎంత బాగా మాట్లాడారమ్మా అని నా చేతులు పట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టారు. ఏంజెల్ చేప సంగతి ఎత్తితే, "ఏ చేపండీ?" అన్నారు. ఎంత చెప్పినా చేప గుర్తుకురాలేదు. చివరికి, "ఓ, ఆ మందెక్కువ పోసేసిన ముసలాయనా?" అన్నారు. చేపని మరిచిపోయారు, నేనన్న మాట మాత్రం ఆయనకి అలాగే గుర్తుంది. "ఆయన కాదండీ. పోసింది నేను. ఆయన వద్దన్నారు," అన్నాను. డాక్టరుగారు, "ఇప్పుడెందుకమ్మా ఇదంతా," అని తర్వాతి పిల్లవాణ్ణి పిలిచారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చెప్పాల్సిన రోజు ఆయన పట్టుపంచె కట్టుకుని నా ఎదుటే నిలబడ్డారు.

తర్వాత నాన్నకి ఒంట్లో బాగోక చేపల కొట్టు ఎత్తేసి అద్దంకి వచ్చేశాను. ఇప్పుడు ఈ బల్ల మీద ఒక పెన్సిలు, తెల్లకాగితాలు ఉంటాయి. నిన్న ఆ రైతు ఆకుల్ని కూడా గీసుకున్నాను, మచ్చలు అడుగాకుల్లో ఉన్నాయా చిగుళ్ళలో ఉన్నాయా అని అడిగి రాసుకున్నాను. "రెండు రోజులాగి మళ్ళీ ఇదే మొక్క ఆకు తీసుకురా. లేదంటే సాయంత్రం నేనే చేలోకొస్తాను," అన్నాను. "బొమ్మలేస్తే తెగులు పోద్దా అమ్మా?" అని విసుక్కుని ఎదురు కొట్టుకి పోయాడు. సగంమంది అలాగే పోతారు. ఆగినవాళ్ళకి మందిచ్చినప్పుడు, ఏ మందు, ఎంత, ఎవరిచ్చారు అని చీటీ రాసి కింద నా పూర్తి పేరు రాస్తాను. పంట దెబ్బతింటే ఎవర్ని అడగాలో వాళ్ళకి తెలియాలి.

దానియేలు గారి కూతురికి నేనింకా చెప్పలేదు. చీరాల ఇక్కడికి ఎంతో దూరం కాదు, అయినా రెండుసార్లు బస్సెక్కి మధ్యలో దిగిపోయి వచ్చాను. ఇది అచ్చయితే ముందు ఆమెకే పంపిస్తాను, చదివాక ఆమె ఏమన్నా పడతాను. మైకు ముందు చెప్పని సాక్ష్యం ఇదే. ఆ కేలెండరు కాగితాన్ని బల్ల గాజు కింద పెట్టాను. మడతల దగ్గర చిరిగింది, పెన్సిలు గీతలు వెలిసిపోయాయి, తొమ్మిది చుక్కలు మాత్రం ఆయన పెట్టినచోటే ఉన్నాయి. మందు పోసినవారు అన్న మాట పక్కన ఆయన వదిలిన జాగాలో ఇప్పుడు పద్మజ అని ఉంది. మిగతా కాగితమంతా పాతబడింది, ఆ ఒక్క పేరు సిరా మాత్రం కొత్తది. చూసినవాళ్ళెవరికైనా అది ఎంత ఆలస్యంగా రాసిందో తెలిసిపోతుంది.